మాట మైకులో, ఓటు మూజువాణిలో

1954 నవంబరులో కర్నూలులో ఒక ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో కూలిపోయింది. అప్పుడు కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని. 1953 అక్టోబరు 1న రాష్ట్రం ఏర్పడేనాటికి ఊళ్లో భవనాలు చాలక కొన్ని ఆఫీసులు గుడారాల్లోనే నడిచాయి. ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశం పంతులు. మద్యనిషేధం ఉంచాలా ఎత్తేయాలా అన్న గొడవ ముదిరి అవిశ్వాస తీర్మానం దాకా వచ్చింది. కల్లుగీత కార్మికుల కోసం కొట్లాడుతున్న గౌతు లచ్చన్న అప్పటికే ప్రభుత్వానికి దూరమయ్యారు. ఓట్లు లెక్కపెట్టారు, ఒక్కటి తక్కువ పడింది. పదమూడు నెలలకే మంత్రివర్గం ఇంటిదారి పట్టింది.

ప్రకాశం గారికీ పార్టీ మారడం కొత్త కాదు. 1951లో కాంగ్రెస్ విడిచి వెళ్లి, 1953లో అదే కాంగ్రెస్ మద్దతుతో ముఖ్యమంత్రి అయ్యారు. కాబట్టి వెనకటి నాయకులందరూ మాట మీద నిలబడ్డారని, ఇప్పుడే అంతా పాడైపోయిందని చెప్పుకోవడానికి కుదరదు. తేడా ఇంకోచోట ఉంది. ఆ రోజు కర్నూలు సభలో ఎవరు ఎటు ఓటేశారో, ఎవరి ఓటు తగ్గిందో జనానికి తెలిసిపోయింది. వైఖరి మార్చుకున్నవాళ్లు కూడా నలుగురి ముందే మార్చుకోవాల్సి వచ్చింది.

ఇప్పుడు కర్నూలు, అనంతపురం, కడపల్లో ఓటు అనగానే జనం వేసే ఓటే గుర్తొస్తుంది. మనం గెలిపించి పంపినవాళ్లు సభలో వేసే ఓటు గురించి టీకొట్టు దగ్గర చర్చ జరగదు. ‘మా ఎమ్మెల్యే పెళ్లికొచ్చాడు, చావుకొచ్చాడు’ అనే లెక్క అందరి దగ్గరా ఉంటుంది. ఫలానా బిల్లు రోజు సభకు వెళ్లాడా అన్న లెక్క మాత్రం ఎవరి దగ్గరా ఉండదు. నాయకులకు ఈ సంగతి బాగా తెలుసు. గోడ దూకితే పేపర్లో వస్తుంది, మాట మారిస్తే పాత వీడియో బయటికొస్తుంది. సభకు రాకపోతే మాత్రం ఏమీ కాదు. వైఖరి మార్చుకోవడానికి అంతకన్నా చవకైన దారి లేదు.

మాట ఎక్కడ ఇస్తారు, ఓటు ఎక్కడ వేస్తారు అన్న తేడా తెలియాలంటే కడప ఉక్కు ఫ్యాక్టరీ కథ చూడాలి. 2007లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి జమ్మలమడుగు దగ్గర బ్రాహ్మణి స్టీల్స్‌కు శంకుస్థాపన చేశారు. అది ఆగిపోయింది, భూ కేటాయింపు రద్దయింది. 2018 డిసెంబరు 27న చంద్రబాబు నాయుడు మైలవరం మండలం కంబాలదిన్నెలో ఇంకో రాయి వేశారు. 2019 డిసెంబరు 23న జగన్‌మోహన్‌రెడ్డి సున్నపురాళ్లపల్లెలో మరో రాయి వేశారు. 2023 ఫిబ్రవరి 15న జేఎస్‌డబ్ల్యూ సంస్థతో కలిసి అక్కడే మళ్లీ భూమిపూజ చేశారు. ముగ్గురు ముఖ్యమంత్రులు, పదహారేళ్లు, నాలుగు శంకుస్థాపనలు. వీటిలో 2018 నాటిది ఎన్నికలకు నాలుగు నెలల ముందు, 2023 నాటిది ఏడాది ముందు పడ్డాయి. రాయి పడిన ప్రతిసారీ సభ జరిగింది, జనం బస్సుల్లో వచ్చారు, చప్పట్లు కొట్టారు.

అసలు ఆ ఫ్యాక్టరీ గురించి చట్టంలో ఏముంది? 2014 విభజన చట్టం పదమూడో షెడ్యూలులో వైఎస్సార్ జిల్లా పేరు ఉంది. అపాయింటెడ్ డే, అంటే రాష్ట్రం విడిపోయిన రోజు, నుంచి ఆరు నెలల్లోగా అక్కడ ఉక్కు కర్మాగారం పెట్టే సాధ్యాసాధ్యాలను కేంద్ర ప్రభుత్వ ఉక్కు సంస్థ సెయిల్ ‘పరిశీలించాలి’ అని రాశారు. ‘పరిశీలించాలి’ అన్నారు తప్ప ‘పెట్టాలి’ అనలేదు. జిల్లా భవిష్యత్తంతా ఆ ఒక్క క్రియాపదం మీద వేలాడింది. కేంద్రంలో ఎవరున్నా ‘పరిశీలిస్తున్నాం’ అంటే చట్టాన్ని పాటించినట్టే అయింది. ఆ మాటను మార్చమని సవరణ పెట్టి, దాని మీద ఓటింగు అడిగి, ఎవరు అటు ఎవరు ఇటు అని తేల్చుకోవాల్సిన రోజు ఒకటుంది. 2014 ఫిబ్రవరి 18.

ఆ రోజు లోక్‌సభలో విభజన బిల్లు మూజువాణి ఓటుతో గట్టెక్కింది. అంతకు ఐదు రోజుల ముందు సభలో పెప్పర్ స్ప్రే గొడవ జరిగింది, సీమాంధ్ర సభ్యులు పలువురు సస్పెండై బయట ఉన్నారు. ప్రత్యక్ష ప్రసారం కూడా ఆగిపోయింది. మూజువాణి అనేది ఉర్దూ నుంచి మన రెవెన్యూ భాషలోకి వచ్చిన మాట, అర్థం నోటిమాటగా అని. అనుకూలురు ‘అవును’ అంటారు, వ్యతిరేకులు ‘కాదు’ అంటారు, ఎవరి గొంతు పెద్దదో సభాపతి చెవితో తూకం వేస్తారు. పేర్లు ఎక్కడా రికార్డు కావు. సీమకు సంబంధించి అరవై ఏళ్లలో అంత పెద్ద చట్టం ఇంకొకటి రాలేదు. దాని మీద మన ఎంపీ ఏ బటన్ నొక్కాడో చూపించే కాగితం ఒక్కటీ లేదు. ఉన్నవల్లా ఆ తర్వాత రెండు నెలలకే వచ్చిన ఎన్నికల్లో ప్రతివాళ్లూ మైకులో చెప్పుకున్న మాటలు. అందరూ సమైక్యం కోసం చివరిదాకా పోరాడినవాళ్లే.

మూజువాణితో తృప్తి పడని సభ్యుడు డివిజన్ కోరవచ్చు. అప్పుడు గంట మోగుతుంది, తలుపులు మూస్తారు, ప్రతి సభ్యుడూ తన సీటు దగ్గరి బటన్ నొక్కితే ఓటు పేరుతో సహా నమోదవుతుంది. అయితే డివిజన్ ఎవరో ఒకరు అడిగితేనే జరుగుతుంది. చాలా బిల్లులకు అడగరు. అధికార పక్షానికి సంఖ్య ఉంటే ఎలాగూ ఓడిపోతామని ప్రతిపక్షం ఊరుకుంటుంది. డివిజన్ అడిగితే తమ బెంచీల ఖాళీలు కూడా బయటపడతాయి మరి.

హాజరు సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. లోక్‌సభలో మొన్నమొన్నటి దాకా సభ్యులు లాబీలోని రిజిస్టరులో సంతకం పెట్టేవారు, దినభత్యం ఆ సంతకంతో ముడిపడి ఉండేది. సంతకం పెట్టి పది నిమిషాలు కూర్చుని వెళ్లిపోయినా ఆ రోజుకు హాజరు పడేది. మంత్రులు, ప్రతిపక్ష నాయకుడు ఆ రిజిస్టరులో సంతకం పెట్టేవారు కాదు. ఎన్నికల ముందు ‘మా ఎంపీ హాజరు ఇంత శాతం’ అని కరపత్రాల్లో వేసే అంకె ఇలా తయారైందే. అది అబద్ధం కాదు. కానీ ఓటింగు సమయానికి ఆయన లోపల ఉన్నాడా, క్యాంటీన్‌లో ఉన్నాడా, విమానంలో ఉన్నాడా అన్నది దాన్ని బట్టి తెలియదు.

2018 జులై 20 రోజును కొంచెం దగ్గరగా చూడాలి. ప్రత్యేక హోదా మీద కేంద్ర ప్రభుత్వంపై అవిశ్వాస తీర్మానం ఆ రోజు ఓటింగుకు వచ్చింది. తీర్మానం టీడీపీది. 2016 సెప్టెంబరులో కేంద్రం ప్యాకేజీ ప్రకటిస్తే సరేనన్న పార్టీ, 2018 మార్చిలో మంత్రి పదవులు వదిలి, ఎన్డీయే నుంచి బయటికొచ్చి, హోదానే కావాలంది. ‘హోదా ఏమన్నా సంజీవనా’ అన్న మాట నుంచి ‘హోదా మా హక్కు’ అన్న మాటకు రావడానికి ఏడాదిన్నర పట్టింది. ఇటు వైఎస్సార్ కాంగ్రెస్ మొదటి నుంచీ హోదా మాటే మాట్లాడింది. మార్చిలో అవిశ్వాసానికి ముందుగా నోటీసు ఇచ్చింది కూడా ఆ పార్టీయే. కానీ ఏప్రిల్ 6న ఆ పార్టీ ఎంపీలు ఐదుగురు రాజీనామాలు ఇచ్చారు, అవి జూన్‌లో ఆమోదం పొందాయి. ఆ ఐదుగురిలో కడప సభ్యుడు ఉన్నారు, రాజంపేట సభ్యుడు ఉన్నారు.

దాంతో నాలుగేళ్లుగా ఎదురుచూసిన ఓటింగు జరిగిన రోజు కడప సీటు ఖాళీగా ఉంది. తీర్మానానికి అనుకూలంగా 126, వ్యతిరేకంగా 325 పడ్డాయి. ఐదు ఓట్లు కలిసినా తీర్మానం నెగ్గేది కాదు, అది ఒప్పుకోవాల్సిందే. పదవినే వదులుకోవడం ఓటు కన్నా పెద్ద నిరసన అని వాళ్లు చెప్పిన వాదనలో కూడా బలముంది. అయినా జరిగింది చూడండి. సభ గడువు ఏడాది కన్నా తక్కువే ఉందని ఉప ఎన్నిక పెట్టలేదు. 2019 ఎన్నికల దాకా కడపకు లోక్‌సభలో మనిషే లేడు. పార్టీ దృష్టిలో అది త్యాగం, నియోజకవర్గానికి అది ఖాళీ కుర్చీ. ప్రచారంలో త్యాగం సంగతే వినపడింది, కుర్చీ సంగతి ఎవరూ ఎత్తలేదు.

కర్నూలు, నంద్యాల సంగతి ఇంకో రకం. 2014లో నంద్యాలలో వైఎస్సార్ కాంగ్రెస్ గుర్తు మీద గెలిచిన ఎస్పీవై రెడ్డి కొద్ది రోజులకే టీడీపీ వైపు వెళ్లారు. కర్నూలు నుంచి అదే గుర్తు మీద గెలిచిన బుట్టా రేణుక 2017లో టీడీపీ వైపు వెళ్లి, 2019 ఎన్నికల ముందు మళ్లీ పాత పార్టీకి వచ్చారు. మెడలో కండువా ఒక పార్టీది, సభ రికార్డుల్లో పేరు ఇంకో పార్టీది. ఇలాంటి సభ్యుడు ఓటేస్తే ఏ పార్టీ విప్ (ఎటు ఓటేయాలో పార్టీ ఇచ్చే ఆదేశం) ప్రకారం వెయ్యాలి? పాత పార్టీ విప్ మీరితే అనర్హత భయం, కొత్త పార్టీ మాట వినకపోతే టికెట్ భయం. రెండింటినీ తప్పించుకునే మార్గం ఒకటే, ఆ పూట సభకు రాకపోవడం.

విప్ సంగతి ఇక్కడే చెప్పుకోవాలి. 1985లో 52వ రాజ్యాంగ సవరణతో పదో షెడ్యూలు వచ్చింది. పార్టీ ఆదేశానికి విరుద్ధంగా ఓటేసినా, ఓటేయకుండా ఊరుకున్నా సభ్యత్వం పోవచ్చు. ముందుగా అనుమతి తీసుకున్నా, పదిహేను రోజుల్లోగా పార్టీ క్షమించినా పోదు. అంటే గైర్హాజరు కూడా చట్టం కంట్లో ఫిరాయింపే, కానీ పార్టీకి కోపం వస్తేనే. నియోజకవర్గానికి కోపం వస్తే ఆ చట్టంలో సెక్షన్ లేదు. పైగా తీర్పు చెప్పాల్సింది సభాపతి. ఆయన అధికార పార్టీ మనిషి. మూడు నెలల్లో తేల్చడం సబబని సుప్రీంకోర్టు 2020లో మణిపూర్ కేసులో చెప్పింది కానీ, అంతకుముందు మన రాష్ట్రంలో వైఎస్సార్ కాంగ్రెస్ నుంచి టీడీపీలోకి వెళ్లిన 23 మంది ఎమ్మెల్యేలపై ఫిర్యాదులు సభ కాలం ముగిసేదాకా అలాగే పడి ఉన్నాయి.

ఆ 23 మందిలో సీమవాళ్లు గట్టిగానే ఉన్నారు. జమ్మలమడుగు ఆదినారాయణరెడ్డి 2014లో వైఎస్సార్ కాంగ్రెస్ తరఫున గెలిచి, 2016లో టీడీపీలో చేరి, 2017లో మంత్రి అయ్యారు. 2019లో టీడీపీ తరఫున కడప ఎంపీగా ఓడి, తర్వాత బీజేపీలో చేరి, 2024లో జమ్మలమడుగు నుంచే బీజేపీ ఎమ్మెల్యేగా గెలిచారు. పదేళ్లలో మూడు కండువాలు, ఊరు మాత్రం అదే. నంద్యాల, ఆళ్లగడ్డల నుంచి భూమా నాగిరెడ్డి, కూతురు అఖిలప్రియ 2016లోనే అటు వెళ్లారు, ఆమె కూడా మంత్రి అయ్యారు. దీనికి భిన్నంగా జరిగింది కూడా ఒకటుంది. 2017 నంద్యాల ఉప ఎన్నిక సమయంలో టీడీపీ నుంచి వైఎస్సార్ కాంగ్రెస్‌లోకి వెళ్లిన శిల్పా చక్రపాణిరెడ్డి ముందు ఎమ్మెల్సీ పదవికి రాజీనామా చేసి వెళ్లారు. అలా చేయమని చట్టం బలవంతపెట్టలేదు, చేరే పార్టీ షరతు పెట్టింది. అంటే కావాలనుకుంటే కుదురుతుందన్నమాట. ఆ ఉప ఎన్నికలో వైఎస్సార్ కాంగ్రెస్ తరఫున నిలబడ్డ ఆయన అన్న మోహన్‌రెడ్డి ఓడిపోయారు, టీడీపీ అభ్యర్థి గెలిచారు. కాబట్టి ఓటరు నిజాయితీకి బహుమతి ఇస్తాడని ఈ కథతో నిరూపించడం కష్టం.

గుంపుగా మారితే అసలు మారినట్టే కాదు. పదో షెడ్యూలు ప్రకారం మూడింట రెండు వంతుల మంది కలిసి వెళితే అది విలీనం. రాజ్యసభలో టీడీపీకి ఆరుగురు ఉండగా 2019 జూన్‌లో నలుగురు బీజేపీలో కలిశారు. ఆరులో నాలుగు, లెక్క కచ్చితంగా సరిపోయింది. వాళ్లలో కర్నూలు టీజీ వెంకటేశ్ ఒకరు, కడప జిల్లా సీఎం రమేశ్ ఒకరు. రమేశ్ 2018 జూన్‌లో కడపలో ఉక్కు ఫ్యాక్టరీ కోసం కేంద్రానికి వ్యతిరేకంగా 11 రోజులు నిరాహార దీక్ష చేశారు. ఏడాది తిరిగేసరికి అదే కేంద్రంలోని అధికార పార్టీలో ఉన్నారు. అటువైపు నుంచి అయితే పని చేయించుకోవడం తేలిక అని సమర్థించుకోవచ్చు, చాలామంది సమర్థించుకున్నారు కూడా. దీక్ష చేసిన చోట నిమ్మరసం గ్లాసులు తీసేసినంత త్వరగా ఫ్యాక్టరీ పని జరగలేదన్నది వేరే సంగతి.

ఇక బహిష్కరణ. ప్రచారం కోసం సభకు రాకపోవడానికి తెలుగు రాజకీయంలో ఇంతకన్నా గౌరవప్రదమైన పేరు లేదు. 2017 అక్టోబరులో వైఎస్సార్ కాంగ్రెస్ శాసనసభను బహిష్కరిస్తున్నట్టు ప్రకటించింది. ఫిరాయించినవాళ్లపై వేటు వేయాలి, వాళ్లలో మంత్రులైన నలుగురిని తీసేయాలి అన్నది డిమాండు. న్యాయమైన డిమాండే. కానీ ఆ నవంబరు 6న ఇడుపులపాయ నుంచి జగన్ పాదయాత్ర, ప్రజాసంకల్ప యాత్ర, మొదలైంది. 2019 జనవరి 9న ఇచ్ఛాపురంలో ముగిసేదాకా నడిచింది 341 రోజులు, 3,648 కిలోమీటర్లు. ఆ మధ్యలో బడ్జెట్ వచ్చింది, బిల్లులు వచ్చాయి, ప్రతిపక్షం లేని సభలో అన్నీ పాసైపోయాయి. పులివెందుల ఎమ్మెల్యే రోజూ జనంలోనే ఉన్నారు, సభలో మాత్రం లేరు. 2019లో జనం ఇచ్చిన తీర్పు చూస్తే, నడకకు మార్కులు పడ్డాయి, గైర్హాజరుకు మార్కులు తగ్గలేదు.

ఆ పాఠం అందరూ నేర్చుకున్నారు. 2021 నవంబరు 19న చంద్రబాబు తన కుటుంబంపై వ్యాఖ్యలు చేశారంటూ మళ్లీ ముఖ్యమంత్రిగానే సభలో అడుగుపెడతానని శపథం చేసి బయటికొచ్చారు. 2024 జూన్‌లో అన్నట్టే వచ్చారు. ఆ రెండున్నరేళ్లూ ఎక్కువ భాగం రోడ్‌షోల్లో గడిచింది. ఇప్పుడు మళ్లీ 11 మంది సభ్యుల వైఎస్సార్ కాంగ్రెస్, ప్రతిపక్ష హోదా ఇవ్వనిదే రామంటూ సభకు దూరంగా ఉంటోంది. కుర్చీలు మారతాయి, సాకులు మారతాయి, ఖాళీ బెంచీల వరస మాత్రం మారదు.

అరవై రోజులు రాకపోతే పదవి పోతుందిగా అని ఎవరైనా అనొచ్చు. రాజ్యాంగం 190(4) అధికరణం అలాంటిదే చెబుతుంది, కానీ అందులో మెలికలున్నాయి. అనుమతి లేకుండా అరవై రోజులు సభ సమావేశాలన్నిటికీ రాకపోతే సీటు ఖాళీ అయినట్టు సభ ప్రకటించ‘వచ్చు’. తప్పనిసరి కాదు. సభ ప్రొరోగ్ అయిన (సమావేశాలు ముగించిన) కాలం, నాలుగు రోజులకు మించి వరసగా వాయిదా పడిన కాలం లెక్కలోకి రావు. సమావేశాలకు, సమావేశాలకు మధ్య నెలలు గడిచే శాసనసభలో అరవై రోజులు పోగవ్వాలంటే చాలా కాలం పడుతుంది. ఈలోగా ఒక్క రోజు వచ్చి కూర్చుంటే లెక్క మళ్లీ మొదటికొస్తుంది. గవర్నర్ ప్రసంగం రోజు రావడం సభకు రావడం కిందికి వస్తుందా రాదా అని 2025లో పెద్ద వాదనే నడిచింది. బడిపిల్లల హాజరుకు ఇంతకన్నా కచ్చితమైన రూల్స్ ఉన్నాయి.

మాట మార్చడంలో కూడా కొన్ని పద్ధతులు ఉంటాయి. అన్నిటికన్నా మర్యాదగా కనిపించేది ‘అంతరాత్మ’. అనంతపురం జిల్లా ఇల్లూరులో పుట్టిన నీలం సంజీవరెడ్డికి ఆ మాట బాగా ఖరీదైంది. 1969 రాష్ట్రపతి ఎన్నికలో ఆయన కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి, నామినేషన్ ప్రతిపాదించింది ఇందిరా గాంధీయే. తర్వాత ఆమే అంతరాత్మ ప్రబోధం ప్రకారం ఓటేయమన్నారు. వి.వి. గిరికి 4,20,077, సంజీవరెడ్డికి 4,05,427 విలువ గల ఓట్లు వచ్చాయి. రాష్ట్రపతి ఎన్నిక రహస్య ఓటింగు, విప్ ఉండదు, ఎవరి అంతరాత్మ ఏం చెప్పిందో పేరుపేరునా ఎవరికీ తెలియదు. 1977లో ఆయన నంద్యాల నుంచి జనతా పార్టీ తరఫున గెలిచి, అదే ఏడాది పోటీ లేకుండా రాష్ట్రపతి అయ్యారు. ఎనిమిదేళ్లకు వడ్డీతో సహా వసూలైంది.

నంద్యాల పేరు ఇంకో ఓటుతో కూడా ముడిపడింది. 1991 ఉప ఎన్నికలో అక్కడి నుంచి లోక్‌సభకు వెళ్లిన పి.వి. నరసింహారావు ప్రభుత్వం 1993 జులై 28న అవిశ్వాసాన్ని 251కి 265 ఓట్లతో తట్టుకుంది. ఓట్ల కోసం డబ్బు ముట్టిందన్న కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1998 తీర్పులో ఒక విచిత్రం ఉంది. డబ్బు తీసుకుని ఓటేసినవాళ్లకు సభలో చేసిన పనికి కోర్టు కేసుల నుంచి రక్షణ ఉందని, ఓటేయకుండా ఉన్న అజిత్ సింగ్‌కు మాత్రం ఆ రక్షణ లేదని తేల్చారు. తప్పించుకున్న ఓటుకు శిక్ష పడే అవకాశం, వేసిన ఓటుకు కాదు! ఆ తీర్పును 2024 మార్చిలో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తోసిపుచ్చింది.

ఈ జబ్బు మనదొక్కటే కాదు. అమెరికాలో 2004లో అధ్యక్ష పదవికి పోటీ చేసిన సెనేటర్ జాన్ కెర్రీ ప్రచారంలో తిరుగుతూ చాలా ఓటింగులకు వెళ్లలేకపోయారు. ఆ మే నెలలో నిరుద్యోగ భృతి పొడిగింపు ప్రతిపాదనకు 60 ఓట్లు కావాల్సి ఉండగా 59 వచ్చాయి. ఆయన లేరు. ఇరాక్ యుద్ధ ఖర్చు బిల్లు గురించి ‘వ్యతిరేకంగా వేసేముందు అనుకూలంగానే ఓటేశాను’ అన్న ఆయన మాట ప్రత్యర్థులకు ఎన్నికల దాకా నవ్వుకోవడానికి పనికొచ్చింది. నిజానికి అవి రెండు వేర్వేరు ప్రతిపాదనలు. కానీ అక్కడ ప్రతి ఓటూ, ప్రతి గైర్హాజరూ పేరుతో నమోదవుతుంది కాబట్టే ప్రత్యర్థికి పట్టుకోవడానికి ఒక కొస దొరికింది. మన ఎంపీని అలా ఇరికించాలన్నా మూజువాణిలో దొరికేది గాలి.

కర్నూలు హైకోర్టు విషయంలో పార్టీలన్నీ ఒకరికొకరు తీసిపోలేదు. రాజధాని గానీ హైకోర్టు గానీ సీమకు రావాలన్న కోరికకు కోస్తా, సీమ నాయకులు చేసుకున్న 1937 శ్రీబాగ్ ఒడంబడిక పునాది. 2014 సెప్టెంబరులో విజయవాడ ప్రాంతంలో రాజధాని అని చంద్రబాబు సభలో ప్రకటిస్తే ప్రతిపక్ష నేత జగన్ స్వాగతించారు. 2019 డిసెంబరులో ముఖ్యమంత్రిగా మూడు రాజధానులన్నారు, కర్నూలు న్యాయ రాజధాని అన్నారు. 2018 ఫిబ్రవరిలో కర్నూలులో రాయలసీమ డిక్లరేషన్ ప్రకటించి రెండో రాజధాని, హైకోర్టు అడిగిన బీజేపీ తర్వాత అమరావతి ఒక్కటే రాజధాని అంది. న్యాయ రాజధానిని వ్యతిరేకించిన టీడీపీ అధికారంలోకి వచ్చాక 2024 నవంబరులో కర్నూలులో హైకోర్టు బెంచి కోసం సభలో తీర్మానం పెట్టింది. 2020 జనవరిలో మూడు రాజధానుల బిల్లును శాసనమండలి అడ్డుకుందని అదే నెలలో మండలినే రద్దు చేయాలని తీర్మానం చేసిన ప్రభుత్వం, అక్కడ తమ బలం పెరిగాక 2021 నవంబరులో ఆ తీర్మానాన్ని వెనక్కి తీసుకుంది. ఇందులో ప్రతి మలుపుకూ సభలో సంఖ్యాబలం ఉంది. కర్నూలు లాయర్లకు మిగిలింది ర్యాలీల లెక్కే.

నీళ్ల విషయంలో ఓటు ప్రసక్తే ఉండదు. శ్రీశైలంలో కనీస నీటిమట్టాన్ని 834 అడుగులకు తగ్గించిన 1996 నాటి జీవో 69 గానీ, దాన్ని 854కు పెంచిన 2004 నాటి జీవో 107 గానీ, శ్రీశైలం నీళ్లు సీమకు మళ్లించే పోతిరెడ్డిపాడును 44,000 క్యూసెక్కులకు పెంచిన నిర్ణయం గానీ ఓటింగులతో వచ్చినవి కావు. జీవోకు డివిజన్ బెల్లు మోగదు. అందుకే ఒకే పార్టీ నాయకుడు నందికొట్కూరులో ఒకటి, విజయవాడలో ఇంకొకటి మాట్లాడినా ఎక్కడా దొరకడు.

విచిత్రం ఏమిటంటే, ఓటు పేరుతో సహా, కళ్లెదుట, అందరూ చూస్తుండగా పడేది అన్నిటికన్నా చిన్న సభలో. మండల పరిషత్ అధ్యక్షుడి ఎన్నిక చూసినవాళ్లకు తెలుస్తుంది. వారం ముందు నుంచే ఎంపీటీసీలను క్యాంపుకు తీసుకెళతారు. బెంగళూరో, గోవానో, కొన్నిసార్లు తిరుపతి దర్శనం కూడా కలుపుతారు. ఫోన్లు లాక్కుంటారు. ఇంటి నుంచి ఫోన్ వస్తే పక్కన ఒకడు నిలబడి స్పీకర్ ఆన్ చేయిస్తాడు. ఎన్నిక రోజు పొద్దున టెంపో ట్రావెలర్ నేరుగా ఎంపీడీవో ఆఫీసు గేటు దగ్గర ఆగుతుంది, పోలీసులు వరసగా నిలబడతారు, ఒక్కొక్కరినే గుర్తింపు కార్డు చూసి లోపలికి పంపుతారు.

ఇక్కడ కూడా గైర్హాజరే మొదటి ఆయుధం. సభ్యుల్లో సగం మంది రాకపోతే కోరం ఉండదు, ఎన్నిక మరునాటికి వాయిదా. ‘కోరం లేక ఎంపీపీ ఎన్నిక వాయిదా’ అన్న వార్త వెనక ఎవరో ఒకరి టెంపో దారిలో ఆలస్యమైందనో, ఎవరినో దారిలోనే ఆపేశారనో కథ ఉంటుంది. విప్ కూడా ఉంటుంది. ధిక్కరిస్తే వేసిన ఓటు చెల్లుతుంది, సభ్యత్వం మాత్రం పోతుంది.

కోరం సరిపోతే అధికారి పేరు చదువుతాడు, అనుకూలంగా ఉన్నవాళ్లు చేతులు లేపాలంటాడు. కుర్చీల్లోంచి చేతులు లేస్తాయి. ఒకాయన చెయ్యి సగం లేచి ఆగుతుంది, పక్కవాడి వైపు చూస్తాడు, మళ్లీ లేస్తుంది. అధికారి వేలితో చూపిస్తూ బయటికే లెక్కపెడతాడు. కిటికీ ఊచల బయట ఇరవై మంది కార్యకర్తలు తొంగిచూస్తుంటారు, ఫలితం చెప్పకముందే ఎవరు ఎటో వాళ్లకు తెలిసిపోతుంది. అటుదిటు అయిన ఆ ఒక్కడి పేరు ఆఫీసు గేటు దాటకముందే ఫోన్లలో ఊరికి చేరుతుంది. మూడు కండువాలు మార్చినా మంత్రి కాన్వాయ్‌లో వస్తాడు. ఇతను సాయంత్రం ఏడు గంటలకు పల్లెవెలుగు బస్సు దిగి, రచ్చబండ ముందు నుంచే ఇంటికి నడిచి వెళ్లాలి.